న్యాయమూర్తి నమ్మకం, చట్టం చెప్పే అర్థం: నిర్దోషికి శిక్ష పడిన కేసులపై చర్చ

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. చాలాకాలంగా నన్ను వెంటాడుతున్న ఒక ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను.

1994లో టెక్సస్‌కు చెందిన ఒక మరణశిక్ష ఖైదీ పెట్టుకున్న అర్జీని విచారణకు తీసుకోవడానికి అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది. జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ ఒక్కరే విభేదించి, మరణశిక్ష అనే యంత్రానికి మరమ్మతులు చేస్తూ కూర్చునే పనిని తాను ఇక చేయనని రాశారు. దానికి జవాబు రాసిన జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా, నార్త్ కరోలినాలో పదకొండేళ్ళ బాలికపై అత్యాచారం చేసి చంపిన మరో కేసును ప్రస్తావించి, ఆ పాప చావుతో పోలిస్తే ఇంజెక్షన్‌తో వచ్చే నిశ్శబ్ద మరణం ఎంత మేలైనదో చూడమన్నారు. ఆయన ఎత్తిచూపిన కేసులో 1983లో అరెస్టయి మరణశిక్ష పడిన వ్యక్తికి అప్పటికి పందొమ్మిదేళ్ళు, అతనితోపాటు పట్టుబడిన సవతి తమ్ముడికి పదిహేనేళ్ళు. ఇద్దరూ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు. పోలీసులు రాసి పెట్టిన నేరాంగీకార పత్రాల మీద సంతకాలు చేశారన్నదే వాళ్ళపై ఉన్న ప్రధాన ఆధారం. 2014 సెప్టెంబరులో, ఘటనాస్థలంలో దొరికిన సిగరెట్టు పీక మీది డీఎన్ఏ వేరొకరిదని తేలి, ముప్పై ఏళ్ళ జైలు తరువాత ఇద్దరూ విడుదలయ్యారు. ఆ వేరొకరు కొద్ది వారాల తేడాతో అదే ఊళ్ళో అలాంటి నేరమే చేసి శిక్షపడిన మనిషి.

స్కాలియా చట్టంలోని అక్షరానికి కట్టుబడిన న్యాయమూర్తిగా పేరుపొందారు. మరి ఆనాడు ఆయన రాసింది చట్టానికి అర్థమా, లేక ఆ కేసు పట్ల ఆయన గుండెలో రగిలిన కోపమా? నిర్దోషికి శిక్ష పడినప్పుడు దానిలో న్యాయమూర్తి సొంత నమ్మకాల వాటా ఎంత?

ధర్మకాటా:

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన ఉదంతం బాధాకరమే. అయితే స్కాలియా ముందు ఆ రోజు ఉన్నది ఆ సోదరుల అప్పీలు కాదు. అప్పటికి కింది కోర్టుల రికార్డులో వాళ్ళు దోషులే. ఇరవై ఏళ్ళ తరువాత బయటపడిన డీఎన్ఏతో 1994 నాటి వాక్యాన్ని తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇదే సందర్భంలో బ్లాక్‌మన్ గారి ప్రయాణాన్ని కూడా చూడాలి. 1972లో మరణశిక్ష చట్టాలను కొట్టివేసిన ఫర్మన్ కేసులో ఆయన మైనారిటీలో నిలిచి, మరణశిక్ష అంటే తనకు ఎంత ఏహ్యమో విస్తారంగా చెప్పుకొని, అయినా దాన్ని రద్దు చేయడం చట్టసభల పనే తప్ప న్యాయమూర్తి పని కాదని రాశారు. ఇరవై రెండేళ్ళ తరువాత అదే మనిషి అటువైపు నుంచి ఇటువైపు వచ్చారు. ఆ మధ్యలో అమెరికా రాజ్యాంగంలో క్రూరమైన, అసాధారణమైన శిక్షలను నిషేధించే వాక్యం మారలేదు. నమ్మకం తీర్పులోకి రావడం దయవైపు నడిపించినప్పుడు మంచిదనీ, కఠినత్వం వైపు నడిపించినప్పుడు చెడ్డదనీ అంటే, మనం కోరుకుంటున్నది చట్టాన్ని కాదు, మన మనసుకు నచ్చిన న్యాయమూర్తిని. మరణశిక్ష అనైతికమని నమ్మే న్యాయమూర్తి పదవికి రాజీనామా చేయాలని 2002లో స్కాలియా రాసిన మాటలో నాకు నిజాయతీ కనిపించింది.

1993 నాటి హెరేరా తీర్పును కూడా చాలామంది రాక్షస తీర్పు అంటారు. న్యాయమైన విచారణ జరిగి శిక్ష పడిన తరువాత, తాను నిర్దోషినన్న వాదన ఒక్కటే రాజ్యాంగపరమైన హక్కు కాజాలదనీ, అలాంటివారికి గవర్నరు క్షమాభిక్ష మార్గం ఉందనీ ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ చెప్పారు. వినడానికి కటువుగా ఉన్నా, ప్రతి కేసూ ఎప్పటికీ ముగియకుండా తెరుచుకొని ఉంటే సాక్షులు చనిపోతారు, జ్ఞాపకాలు చెరిగిపోతాయి, హతుల కుటుంబాలు జీవితాంతం కోర్టు మెట్ల మీదే ఉంటాయి.

నల్లకోటు:

ధర్మకాటా గారితో నాకు ఒకచోట గట్టి భేదం ఉంది. నమ్మకం అనగానే మనం మతమనో, రాజకీయమనో, మరణశిక్షపై అభిప్రాయమనో అనుకుంటాం. ఇరవై ఏళ్ళుగా క్రిమినల్ కోర్టుల్లో నిలబడుతున్న నాకు కనిపించే నమ్మకం వేరు. పోలీసులు ఇంత పెద్ద కేసులో అబద్ధం ఎందుకు చెబుతారు అన్న నమ్మకం అది. నిర్దోషులను జైలుకు పంపే నమ్మకాల్లో దాన్ని మించినది లేదు.

ఇంగ్లండులో 1974 నవంబరులో బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఆరుగురు ఐరిష్‌వాళ్ళకు 1975లో యావజ్జీవ శిక్ష పడింది. పోలీసులు తమను కొట్టి ఒప్పించారని వాళ్ళు నష్టపరిహారం దావా వేస్తే, 1980లో లార్డ్ డెన్నింగ్ దాన్ని ముందుకు సాగనివ్వలేదు. వాళ్ళు గెలిస్తే పోలీసులు అబద్ధసాక్ష్యానికీ హింసకూ పాల్పడ్డారనీ, శిక్షలు తప్పనీ ఒప్పుకోవలసి వస్తుందనీ, ఆ దృశ్యం ఎంత భయంకరమైనదంటే బుద్ధి ఉన్న ఎవరైనా ఈ దావా సాగకూడదనే అంటారనీ ఆయన రాశారు. గమనించండి, అది జరగలేదని ఆయన తేల్చలేదు. జరిగి ఉంటే తట్టుకోలేమన్నారు. 1991 మార్చిలో ఆ ఆరుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. డెన్నింగ్ గొప్ప న్యాయవేత్త, సామాన్యుల పక్షాన తీర్పులు రాసినవారు. అంతటివారికి కూడా ఆ నమ్మకం కళ్ళకు అడ్డుపడింది.

మన దగ్గరికి వస్తే, పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం చెల్లదని సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. ఇప్పుడు అదే మాట భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షనులో ఉంది. దానికి ఉన్న సందు పాత 27వ సెక్షను: ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, అంతవరకే ఆ మాట సాక్ష్యం. దీనికి హద్దు గీసిన తీర్పు మన గుంటూరు జిల్లా కేసులోనే వచ్చింది. బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ తేల్చిన పులుకూరి కొట్టయ్య కేసును దేశంలో ఏ క్రిమినల్ లాయరైనా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఫలానా ఈటెతో పొడిచాను, దాన్ని ఫలానా చోట దాచాను, వస్తే చూపిస్తాను అన్నప్పుడు, దాచిన చోటు గురించిన మాట వరకే చెల్లుతుందనీ, పొడిచానన్న మాట చెల్లదనీ ఆ తీర్పు. పొడిచానన్నదాన్ని కూడా అనుమతిస్తే చట్టం పెట్టిన నిషేధానికి అర్థమే ఉండదని అందులో వివరించారు.

అయితే ఆచరణలో ఏం జరుగుతుందో బయటివాళ్ళకు తెలియదు. పోలీసులు సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల (పంచుల) నివేదికలో ముద్దాయి చెప్పాడన్న కథంతా మొదటి నుంచి చివరి దాకా రాసి ఉంటుంది. అందులో చెల్లే నాలుగు ముక్కలకే సాక్ష్యంగా గుర్తిస్తూ ఎగ్జిబిట్ నంబరు వేస్తారు. మిగతాది చెల్లదు, కానీ ఆ కాగితం జడ్జిగారి బల్ల మీదే ఉంటుంది. చదివిన మనసు చదవనట్టు ఎలా ఉంటుంది?

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిని చంపిన కేసు ఈ వేదికలో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎనిమిది నెలల తరువాత ఒక పేద కుటుంబపు యువకుణ్ణి పట్టుకొచ్చారు. అతను దోషి కాడని హతురాలి తల్లిదండ్రులే మొదటి నుంచీ మొత్తుకున్నారు. అయినా 2010లో మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న జస్టిస్ సి.వి. నాగార్జునరెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె. జైస్వాల్ గార్ల ధర్మాసనం ఉమ్మడి హైకోర్టులో ఆ శిక్షను కొట్టివేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. రెండు కోర్టుల ముందూ ఉన్నది ఒకే సాక్ష్యం, ఒకే చట్టం. తేడా ఎక్కడుందో మీరే ఆలోచించండి.

విశ్రాంత మున్సిఫ్:

నల్లకోటు గారు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను బల్లకు అటువైపు కూర్చున్నవాణ్ణి కనుక ఒక అనుభవం చెబుతాను. ఊరు, కాలం, పేర్లు చెప్పను.

మెజిస్ట్రేటుగా ఉన్న తొలి రోజుల్లో ఒక దొంగతనం కేసులో నేను శిక్ష వేసిన కుర్రవాడు అప్పీలులో విడుదలయ్యాడు. తీర్పు తెప్పించుకొని చదివాను. స్వాధీనం చేసుకున్న నగ మీద సాక్షులుగా సంతకం చేసిన ఇద్దరు మధ్యవర్తులూ క్రాస్ పరీక్షలో తడబడ్డారని నేనే నా తీర్పులో రాశాను. అయినా నమ్మాను. ఎందుకు నమ్మానని నన్ను నేను ప్రశ్నించుకుంటే వచ్చిన జవాబు సిగ్గుపడేది. ఆ కుర్రవాడు నా ముందు తల ఎత్తి మాట్లాడాడు. దొంగ ఇలాగే తలబిరుసుగా ఉంటాడని నా మనసు ముందే తీర్మానించుకుంది. తరువాత నేను వెతికినవన్నీ దానికి ఆధారాలే. అతను ఏడు నెలలు జైల్లో ఉన్నాడు.

ధర్మకాటా గారన్నట్టు నమ్మకం లేని న్యాయమూర్తి ఉండడు. అందుకే చట్టం పద్ధతిని ఇచ్చింది. కళ్ళారా చూసినవాళ్ళు లేక, పరిస్థితులను బట్టి తేల్చవలసిన పరోక్ష సాక్ష్యం మీద నడిచే కేసుల గురించి 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా తీర్పులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పింది. చేసి ఉండవచ్చు అన్నదానికీ, చేసే ఉండాలి అన్నదానికీ మధ్య ఉన్న దూరం మాటల తేడా కాదనీ, ఊహను రుజువు నుంచి వేరు చేసే దూరమనీ అందులో ఉంది. నేను ఆ కుర్రవాడి విషయంలో ఆ దూరాన్ని ఒక్క గంతులో దాటేశాను. అప్పుడు నేను ఏ మతానికో, ఏ పార్టీకో లొంగలేదు. నా అనుభవం మీద నాకున్న గర్వానికి లొంగాను.

రాళ్ళబాట:

పెద్దలు మాట్లాడుతున్న ఈ విషయం మాకు రక్తసంబంధమైనది కనుక రాస్తున్నాను. మహారాష్ట్రలో వడార్లు అంటారు, ఇక్కడ వడ్డెరలం అంటారు. రాళ్ళు కొట్టి, మట్టి తవ్వి బతికే జాతి. అక్కడివాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు మాట వినబడుతుంది.

2003 జూన్‌లో జాల్నా జిల్లాలో ఒక తోటలోని గుడిసె మీద దోపిడీదారులు పడి, ఐదుగురిని చంపి, ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేశారు. వినడానికే ఒళ్ళు జలదరించే నేరం. అందులో ఆరుగురు వడార్లను ముద్దాయిలను చేశారు. కింది కోర్టు ఆరుగురికీ మరణశిక్ష వేసింది. హైకోర్టు ముగ్గురికి దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2009లో సుప్రీంకోర్టు, అంకుశ్ మారుతీ షిండే కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో, ఆ ముగ్గురికి కూడా తిరిగి ఉరి ఖరారు చేసింది. అంటే మినహాయింపు దొరికినవాళ్ళను కూడా తిరిగి ఉరికంబం ఎక్కించింది. ఆ తీర్పు చదివితే నేరం ఎంత ఘోరమో చెప్పే వాక్యాలే కళ్ళ ముందు నిలుస్తాయి. ఆ నేరం వీళ్ళే చేశారా అన్న ప్రశ్న ఆ ఘోరం వెనక ఎక్కడో మరుగున పడిపోయింది.

2018లో పునఃసమీక్షకు కేసు మళ్ళీ తెరిచి, 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు, జస్టిస్ ఎ.కె. సిక్రీ నాయకత్వంలో, ఆరుగురూ నిర్దోషులని చెప్పింది. బతికి బయటపడిన స్త్రీ పోలీసు ఆల్బమ్‌లోని ఫోటోల నుంచి వేరే నలుగురిని గుర్తుపట్టిందనీ, వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళలేదనీ అప్పుడు మాట్లాడారు. ఆ కాగితం 2009లో కూడా ఫైల్లోనే ఉంది. మనిషికి ఐదు లక్షలు ఇవ్వమన్నారు. పదహారేళ్ళు. ఆరుగురిలో ఒకరు నేరం జరిగినప్పటికి మైనరు అని కూడా మధ్యలో తేలింది.

1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచార జాతుల్లో అనేకులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. 1952లో అది రద్దయింది. చట్టం పోయింది కానీ, దొంగతనం ఎక్కడ జరిగినా ముందు గుడారాల వైపు చూసే కన్ను పోలేదు. ఆ కన్ను ఠాణాలో మొదలై బల్ల దాకా వస్తుంది. దాన్ని న్యాయమూర్తి సొంత నమ్మకం అనాలో, మనందరి నమ్మకం అనాలో నాకు తెలియదు.

ధర్మకాటా:

రాళ్ళబాట గారూ, మీరు రాసినదానికి నా దగ్గర వాదన లేదు. శిక్ష ఎంత అన్న ప్రశ్నకు చెందవలసిన ఆగ్రహం, దోషి ఎవరు అన్న ప్రశ్నలోకి చొరబడిందన్న మీ మాట నేను ఆలోచించని కోణం. మరణశిక్ష ఖరారు కావడం ధర్మాసనంలో కూర్చున్న న్యాయమూర్తుల వ్యక్తిగత మొగ్గు మీద చాలావరకు ఆధారపడి ఉంటోందని 2008లో స్వామి శ్రద్ధానంద తీర్పులో సుప్రీంకోర్టే రాసుకుంది. ఆ నిజాయతీని శిక్ష గురించే చూపారు. నేరనిర్ధారణలో కూడా అదే మొగ్గు ఉంటుందని ఎవరూ రాయరు.

అయినా నా మొదటి మాటను పూర్తిగా వదులుకోను. 2019లో ఆ ఆరుగురిని విడిపించింది జాలి కాదు. రికార్డును చట్టం చెప్పినట్టు చదవడమే. అక్షరానికి కట్టుబడి ఉండటమే వాళ్ళను కాపాడింది.

డాలస్ నుంచి:

ఇక్కడ ఉంటూ ఈ కేసులను దగ్గరగా చూస్తున్నవాణ్ణి. ధర్మకాటా గారి చివరి మాటకు ఒక ప్రతికూల ఉదాహరణ ఇవ్వాలి, ఎందుకంటే అక్షరం కాపాడని సందర్భాలు కూడా ఉన్నాయి.

అరిజోనాలో నాలుగేళ్ళ పాపను చంపాడని 1995లో ఒకతనికి మరణశిక్ష వేశారు. అతను చంపాడని చెబుతున్న సమయంలో ఆ గాయం తగిలిందనడానికి వైద్య ఆధారం నిలబడదని, మొదటి లాయరు దాన్ని పరిశీలించనే లేదని, 2018లో ఒక ఫెడరల్ జడ్జి సాక్ష్యం అంతా విని తేల్చారు. 2022 మేలో ఇక్కడి సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపుగా చీలి, 1996 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర కోర్టులో పెట్టని ఆ సాక్ష్యాన్ని ఫెడరల్ కోర్టు చూడనే కూడదంది. తీర్పు రాసింది జస్టిస్ క్లారెన్స్ థామస్. ఈ తీర్పు వికృతమైనదని జస్టిస్ సోనియా సోటోమేయర్ విభేదించారు. మంచి లాయరు దొరకని మనిషి, ఆ లాయరు చేసిన తప్పుకే మళ్ళీ శిక్ష అనుభవించాలన్నమాట. మరుసటి ఏడాది ప్రాసిక్యూషన్‌తో ఒప్పందం కుదిరి, పాపను ఆసుపత్రికి తీసుకువెళ్ళకపోవడమనే తక్కువ నేరాన్ని ఒప్పుకొని అతను బయటికి వచ్చాడు.

థామస్ గారు చట్టంలోని పదాలను సరిగానే చదివారని ఎందరో నిపుణులు అంటారు. కానీ ఎన్నో పదాల్లో ఏ పదాన్ని పట్టుకొని మిగిలినవాటిని చదవాలో ఎంచుకునేది నమ్మకమే. తీర్పు అంతిమంగా నిలవడం నిర్దోషి విడుదల కంటే విలువైనదన్న నమ్మకం అక్కడ పనిచేసింది. అక్షరం వెనక దాగిన నమ్మకాన్ని గుర్తుపట్టడం మరీ కష్టం.

మానస, న్యాయవిద్యార్థిని:

పెద్దలందరికీ నమస్కారం. నాదొక చిన్న సందేహం. విజయవాడ కేసులో లక్ష, జాల్నా కేసులో ఐదు లక్షలు అన్నారు. దీనికి కొలమానం ఏమైనా ఉందా?

నల్లకోటు:

లేదమ్మా. నార్త్ కరోలినా సోదరులకు 2021లో జ్యూరీ ఏడున్నర కోట్ల డాలర్లు ఇవ్వమంది. మనకు ప్రత్యేక చట్టం లేదు. 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో, తప్పుడు ప్రాసిక్యూషన్‌కు గురైనవారికి పరిహారం చట్టబద్ధమైన హక్కుగా ఉండాలనీ, దానికి ప్రత్యేక కోర్టులు ఉండాలనీ సూచించింది. గుజరాత్‌లోని అక్షరధామ్ ఆలయంపై దాడి కేసులో 2014లో సుప్రీంకోర్టే నిర్దోషులన్నవాళ్ళు పరిహారం అడిగితే 2016లో అదే కోర్టు నిరాకరించింది. ఇచ్చినా, ఇవ్వకపోయినా, అదీ ధర్మాసనం మొగ్గు మీదే ఆధారపడి ఉంది. మనం మొదట మాట్లాడుకున్న సమస్యే ఇక్కడ కూడా ఉంది.

మానస, న్యాయవిద్యార్థిని:

ధన్యవాదాలండీ. విశ్రాంత మున్సిఫ్ గారిని ఒకటి అడగాలని ఉంది. అప్పీలు తీర్పు చదివిన తరువాత మీ పనిలో ఏం మారింది? రేపు మాలో కొందరు ఆ బల్ల వెనక కూర్చుంటారు.

విశ్రాంత మున్సిఫ్:

తల్లీ, పెద్ద మార్పేమీ కాదు, చిన్న అలవాటు ఒకటి పట్టుకున్నాను. వాదనలు ముగిశాక, తీర్పు రాయడానికి ముందు, ఒక తెల్లకాగితం తీసుకొని ముద్దాయి పోలీసులకు చెప్పాడన్నదంతా పక్కన పెట్టి, మిగిలిన సాక్ష్యం ఏమిటో వరుసగా రాసుకునేవాణ్ణి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, వస్తువు ఎక్కడ దొరికింది, ఆ చోటు ముద్దాయికి తప్ప ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదా, ఇలా. రెండో వైపున, ముద్దాయి ముఖం చూసినప్పుడు నాకు కలిగిన అభిప్రాయం ఏదైతే ఉందో దాన్ని కూడా దాచకుండా రాసేవాణ్ణి. కాగితం మీద పెట్టాక అది ఎంత బలహీనమైనదో నాకే కనిపించేది. కొన్ని కేసుల్లో మొదటి వైపున రెండు పంక్తులు కూడా నిండలేదు. ఆ కేసుల్లో ఫిర్యాది కుటుంబం నా వైపు చూసిన చూపు భరించడం కష్టంగా ఉండేది. అయినా విడుదల చేశాను.

ఆ కుర్రవాణ్ణి తరువాత ఒకసారి బస్టాండులో చూశాను. అతను నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. నేను బదులు నమస్కారం పెట్టాను గానీ, క్షమించమని అడగలేకపోయాను.